ఎడ్వర్డు రాబిన్సన్ పండితుడు: మరుగుపడిన ఊళ్లు, మరుగుపడని పేర్లు

హీబ్రూ ధర్మగ్రంథములను తిరుగవేయువారికి అడుగడుగునను ఊళ్ల పేర్లు తగులును. యెహోషువ గ్రంథమున కొన్ని అధ్యాయములు గ్రామముల పట్టికలు తప్ప మరేమియు కావు. దేశమును పంచుకొనిన గోత్రములు, వారి సరిహద్దులు, ఆ సరిహద్దులలోని వాగులు, బావులు, పల్లెలు ఒకదానివెంట నొకటి లెక్కింపబడియున్నవి. సామాన్య పాఠకుడు ఈ పుటలను చదువక దాటిపోవును. తెలుగు బైబిలు మూలమున బేతేలు, షిలోహు, గిబియోను మొదలగు పేర్లు మనలో ననేకులకు పరిచితములే. బేతేలను పేరు పెట్టుకొనిన ప్రార్థనామందిరములు మన యూళ్లలోను గలవు. కాని ఆ బేతేలు భూమిమీద ఏ చోట నుండెనో, అచటికి పోదలచినవాడు ఏ దారి పట్టవలెనో, 19వ శతాబ్దారంభమున ఐరోపాలోని పండితులును నిశ్చయముగా చెప్పలేకుండిరి. యెరూషలేము, హెబ్రోను, గాజా వంటి పట్టణములు ఎన్నడును మరుగుపడలేదు. మరుగుపడినవి వాని నడుమనుండిన వందలకొలది చిన్న ఊళ్లు.

వీనిని వెదకి గుర్తించినవారిలో ప్రథమగణ్యుడు అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డు రాబిన్సన్. ఆయన త్రవ్వకములు చేయలేదు; భూమిలోనుండి నిధులు వెలికితీయలేదు. గుర్రముమీదను ఒంటెమీదను కూర్చుండి, గడియారము చూచుకొనుచు, ఎదురైన రైతులను ఆ కనబడు ఊరి పేరేమియని అడిగించుచు, ఒక్క వసంతకాలములో శతాబ్దముల సందిగ్ధమును చాలవరకు తొలగించెను. ఆయన పనిలో గొప్పతనమెంత, అందు ఇతరుల పాలెంత, ఆయన కంటికి కనబడకపోయినదేమి యను విషయములను మేము ఇచట చెప్పదలచితిమి.

రాబిన్సన్ 1794వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన కనెక్టికట్ రాష్ట్రములోని సదింగ్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి ఆ ఊరి క్రైస్తవసంఘమునకు బోధకుడు. పొలము పనుల నడుమ పెరిగిన ఆ బాలుడు 1816లో న్యూయార్కు రాష్ట్రములోని హామిల్టన్ కళాశాలనుండి పట్టము పొందెను. కొంతకాలము న్యాయశాస్త్రము చదివి, దానిని విడిచి, తాను చదివిన కళాశాలలోనే గణితమును గ్రీకు భాషను బోధించెను. 1818లో వివాహమాడిన భార్య ఎలైజా మరుసటి సంవత్సరమే మరణించెను. ఆమె వదలిన వ్యవసాయమును చూచుకొనుచు, తక్కిన కాలమున హోమరు కావ్యమును పఠించుచు, రెండేండ్లు ఒంటరిగా గడపెను. ఇలియడ్ కావ్యములో కొంతభాగమును పరిష్కరించి అచ్చువేయించుటకై 1821లో మసాచుసెట్సు రాష్ట్రములోని ఆండోవరునకు పోయెను. ఆ ప్రయాణము ఆయన జీవితమును వేరొక త్రోవకు మరలించెను. అచటి దైవవిద్యాలయమున మోజెస్ స్టూవర్టు అను ఆచార్యుడు హీబ్రూ బోధించుచుండెను. అచ్చుపని చూచుకొనుటకు వచ్చినవాడు హీబ్రూ విద్యార్థి యాయెను. రెండేండ్లు తిరుగునప్పటికి అచటనే హీబ్రూ ఉపాధ్యాయుడాయెను.

1826లో ఆయన ఐరోపాకు పోయి నాలుగేండ్లు చదివెను. ఈ చదువులో రెండు పేర్లు ముఖ్యములు. హాలె పట్టణమున గెసేనియస్ అను మహాపండితుడు హీబ్రూ పదములను అరబ్బీ మొదలగు సోదరభాషల పదములతో పోల్చి అర్థనిర్ణయము చేయుచుండెను. బెర్లినులో కార్ల్ రిట్టర్ అను భూగోళశాస్త్రజ్ఞుడు ఒక దేశపు కొండలు, లోయలు, నీటివనరులు తెలియక ఆ దేశచరిత్ర తెలియదని బోధించుచుండెను. మాటను సోదరభాషలో వెదకుట ఒకరివలన, ఊరిని నేలమీద వెదకుట మరియొకరివలన రాబిన్సన్ నేర్చికొనెను. తరువాత ఆయన పాలస్తీనాలో చేసినదంతయు ఈ రెంటి కలయికయేయని మా యభిప్రాయము.

1828లో ఆయన హాలెలోని ఒక ఆచార్యుని కుమార్తెయగు తెరేసా ఫన్ యాకోబును వివాహమాడెను. రాబిన్సన్ చరిత్రలలో ఈమెను భార్యయని ఒక్క వాక్యముతో ముగించుట పరిపాటి. అది న్యాయము కాదు. తన పేరులోని తొలి అక్షరములను కూర్చి తాల్వి యను మారుపేరుతో ఆమె సెర్బియా జానపద గీతములను జర్మను భాషలోనికి తెచ్చి 1825, 26 సంవత్సరములలో ప్రకటించెను. గేటే మహాకవి వానిని మెచ్చుకొనెను. పెండ్లినాటికి సాహిత్యలోకమున భర్తకంటె భార్యయే ప్రసిద్ధురాలు. పామరజనుల నోటనున్న పాటకు పండితులు విలువ నియ్యవలెనని ఆమె నమ్మెను. పామరజనుల నోటనున్న ఊరి పేరునకు విలువ నియ్యవలెనని ఆయన పదేండ్ల తరువాత నిరూపించెను. ఒకరి భావము మరియొకరికి సోకెనని మేము చెప్పజాలము గాని, ఈ పోలిక గమనింపదగినది.

1830లో స్వదేశమునకు మరలిన పిమ్మట ఆయన ఆండోవరులో ఆచార్యపదవి వహించి, మరుసటి సంవత్సరమే బైబిలు విమర్శనమునకై ఒక పత్రికను స్థాపించెను. ఆరోగ్యము చెడి 1833లో బోస్టను నగరమునకు మారెను. మంచమున పడిన కాలమునను పని మానలేదు. గెసేనియస్ హీబ్రూ నిఘంటువు ఆంగ్లానువాదమును, క్రొత్తనిబంధన గ్రీకునకు స్వంత నిఘంటువును 1836లో ప్రకటించెను. ఊళ్లను వెదకబోవుటకు ముందే ఈ మనుష్యుడు హీబ్రూ గ్రంథములలోని ప్రతి పేరును అక్షరమక్షరము తూచి చూచియుండెనని చదువరులు గుర్తింపవలెను. 1837లో న్యూయార్కులోని యూనియన్ దైవవిద్యాలయమువారు ఆయనకు ఆచార్యపీఠము నియ్యజూపిరి. ముందుగా పాలస్తీనాకు పోయివచ్చుటకు సెలవిచ్చిన యెడల అంగీకరింతునని చెప్పి, ఆయన తన ఖర్చులతోనే బయలుదేరెను. అప్పటికి ఆయనకు 43 ఏండ్లు.

ఈ ప్రయాణపు ఆలోచన ఆయనకు ఒంటరిగా కలిగినది కాదు. ఎలై స్మిత్ అను ఆయన పూర్వశిష్యుడు బేరూతులోని అమెరికా మిషనులో పనిచేయుచుండెను. 1832లో స్మిత్ అమెరికాకు వచ్చినప్పుడు ఇద్దరును కలిసి పాలస్తీనా చూడవలెనని నిశ్చయించుకొనిరి. స్మిత్ అరబ్బీని పుస్తకములనుండి మాత్రము నేర్చినవాడు కాడు. పల్లెవాండ్రతో కూర్చుండి మాటలాడ గలవాడు. వారు పలికిన అక్షరమును పలికినట్లే వ్రాసికొన గలవాడు. తరువాతి కాలమున అరబ్బీ బైబిలు అనువాదమునకు పూనుకొనినవాడును, దాని ముద్రణకై చక్కని అరబ్బీ అచ్చుటక్షరములు సిద్ధము చేయించినవాడును ఇతడే. రాబిన్సన్ కు అరబ్బీ వ్రాత తెలియును గాని, పల్లెవాని మాట పట్టుకొనుటకు స్మిత్ చెవియే ఆధారము. 1841లో వెలువడిన గ్రంథపు ముఖపత్రముమీద రాబిన్సన్ తన పేరుతో పాటు స్మిత్ పేరును అచ్చు వేయించెను. లోకము మాత్రము రెండవ పేరును మరచిపోయెను.

వారిద్దరు కైరో నగరమున కలిసికొని, 1838 మార్చి 12న ఒంటెలమీద బయలుదేరి, సీనాయి కొండమీదుగా అకాబాకును, అచటినుండి ఎడారిమార్గమున ఉత్తరమునకును సాగిరి. బెయేర్షెబా యుండవలసిన ఎడారి యంచున రాతికట్టుగల రెండు పాతబావులు కనబడెను. అరబ్బులు ఆ చోటును బీర్ అస్ సబా యని పిలుచుచుండిరి. హెబ్రోను మీదుగా ఏప్రిల్ 14న, ఈస్టరు పండుగకు ముందునాడు, వారు యెరూషలేము ప్రవేశించిరి. అప్పుడు ఆ దేశము తాత్కాలికముగా ఐగుప్తు పాలకుడగు మహమ్మదాలీ చేతిలో నుండెను. ఆయన కుమారుడు ఇబ్రహీము పాషా కఠినపాలన వలన పరదేశులకు దారులు మునుపటికంటె నిరపాయములై యుండెను. ఈ సదుపాయము లేకున్న ఆ ప్రయాణము అంత త్వరగా సాగియుండదు.

ఇక పద్ధతిమాట. క్రీస్తుశకము 4వ శతాబ్దము మొదలు ఆ దేశమునకు యాత్రికులు వచ్చుచునే యుండిరి. ఏ చోట ఏ సంఘటన జరిగెనో మఠవాసులు వారికి చూపుచు వచ్చిరి. చూపవలసిన చోటులు పెరిగినకొలది సౌకర్యమును బట్టి దారిప్రక్కకే వచ్చి చేరుచుండెను. రాబిన్సన్ ఈ సంప్రదాయమును, వేరొక ప్రాచీన సాక్ష్యము తోడుపడిననే గాని, ప్రమాణముగా గ్రహింపకూడదని నియమము పెట్టుకొనెను. దానికి బదులు మరియొక సంప్రదాయమును పట్టుకొనెను. అది ఆ నేలను దున్నుకొను రైతుల నోట నిలిచిన పేరు. అరబ్బీ హీబ్రూ భాషకు తోబుట్టువు. హీబ్రూ పలుకుబడి ఆగిపోయి అరమాయికు వచ్చినను, అటుపిమ్మట అరబ్బీ వచ్చినను, ఊరి పేరు ఒక సోదరి నోటనుండి మరియొక సోదరి నోటికి మారినట్లు మారినదే గాని చెడిపోలేదు. హీబ్రూలోని గకారము అరబ్బీలో జకారమగును. షకారము తరచుగా సకారమగును. పేరు చివరి తోక ఊడిపోవుట కలదు. ఈ మార్పులు ఇచ్చవచ్చినట్లు జరుగవు. నియమము ననుసరించి జరుగును. కావున నియమము తెలిసినవానికి పేరు వెనుక పేరు కనబడును.

గ్రీకులును రోమనులును ఏలినకాలమున ఆ దేశపు పట్టణములకు ఘనమైన క్రొత్త పేర్లు పెట్టిరి. బేత్షెయానును స్కిథోపొలిస్ అనిరి. లుద్దను దియోస్పొలిస్ అనిరి. ఎమ్మాయును నికొపొలిస్ అనిరి. కొన్ని శతాబ్దములు దస్త్రములలోను నాణెములమీదను ఆ పేర్లే చెల్లెను. దొరతనము పోగానే పేర్లును పోయెను. బైసాను, లుద్దు, అమ్వాసు అను పాతపేర్లే మరల తలయెత్తెను. అనగా వేయేండ్లు సర్కారువారు ఒక పేరు వ్రాయుచుండగా పల్లెవారు వేరొక పేరు పలుకుచునే యుండిరన్న మాట. షెకెము ప్రక్కను కట్టిన నెయాపొలిస్ మాత్రము నబ్లుసుగా నిలిచినది. షోమ్రోను సెబస్తెయై నేటికిని సెబస్తియాగానే యున్నది. ఇట్టివి కొలదిగనే కలవు.

పల్లెవానిని ప్రశ్నించుటయు ఒక విద్యయే. ఇది ఫలాని ఊరేనాయని అడిగినచో అతడు మర్యాదకొరకైనను అవునను. పరదేశి ముఖము చూచి అతనికి కావలసిన జవాబునే చెప్పును. ఎందరో యాత్రికులు ఇట్లే మోసపోయిరి. రాబిన్సను స్మిత్తును తాము వెదకు పేరును ముందుగా బయటపెట్టక, ఆ దిబ్బను ఏమందురు, ఆ లోయ కేమి పేరు, దాని అవతలి ఊరేది యని మాత్రమే అడుగుచుండిరి. ఒకరు చెప్పినదానిని మరియొకరిచే సరిచూచుకొనుచుండిరి. దిక్సూచి, దూరదర్శిని, ఉష్ణమాపకము, కొలతపట్టీ, బైబిలు, కొన్ని పాతగ్రంథములు వారి సామగ్రి. దూరమును ప్రయాణపు గంటలలో లెక్కించుచుండిరి. ఎవరి దినచర్య వారు వేరుగా వ్రాసికొనిరి. గ్రంథరచనాకాలమున రెంటిని ప్రక్కప్రక్కన నుంచి రాబిన్సన్ సరిచూచెను.

మే నెల 4, 5 తేదీలలో యెరూషలేమునకు ఈశాన్యముగా వారు చేసిన చిన్న ప్రయాణము ఈ పద్ధతికి ఉత్తమోదాహరణము. నగరము వదలిన కొంతసేపటికే అనాతా అను పేదపల్లె వచ్చినది. అది యిర్మీయా ప్రవక్త జన్మస్థలమగు అనాతోతు. దాని కుత్తరమున జబా, అది గెబ. ఆవల లోతైన లోయ. లోయకు ఆ దరిని ముఖ్మాసు, అనగా మిక్మషు. సౌలు కుమారుడగు యోనాతాను ఫిలిష్తీయుల కావలిమీదికి ఎగబ్రాకిన కథలో రెండు ఊళ్లకు నడుమ ఇట్టి లోయయే యుండవలెను, అది యున్నది. యెషయా గ్రంథము పదియవ అధ్యాయమున ఉత్తరమునుండి యెరూషలేముమీదికి దండెత్తి వచ్చు శత్రుసేన దాటు ఊళ్లు వరుసగా చెప్పబడినవి. ఆ వరుస అప్పటివరకు పండితులకు వట్టి పేర్ల దండ. ఆ దారిన నడచినవారికి అది దారిచీటీవలె నుండెను. మరునాడు బైతీను చేరిరి. బేతేలు యెరూషలేమునుండి నబ్లుసు దారిలో 12వ మైలురాయి వద్ద నుండెనని 4వ శతాబ్దపు బిషప్పు యూసేబియస్ వ్రాసియుండెను. దూరము సరిపోయినది, చివరి లకారము నకారమైన పేరును సరిపోయినది. తిరుగుదారిలో అల్ జీబు అను కొండపల్లెను చూచి అదియే గిబియోననిరి.

ఈ అల్ జీబు విషయమున కొంత విస్తరించి చెప్పవలెను. పేరుపోలిక యొక్కటియే చాలునాయని తరువాతి పండితులలో కొందరు సంశయించి గిబియోనును వేరుచోటులకు త్రిప్పిరి. 1956లో జేమ్సు ప్రిచర్డ్ అను అమెరికా పండితుడు అచట త్రవ్వించెను. సుమారు 80 అడుగుల లోతున నీటిమట్టము వరకు రాతిలో తొలిచిన గొప్ప గుండము, దానిలోనికి మెట్లు బయటపడెను. ఆ గుండమును నింపిన మట్టిలో మద్యపు కూజాల పిడులు దొరికెను. వానిమీద పాత హీబ్రూ లిపిలో గిబియోను అను పేరు గీయబడి యుండెను. అట్టివి ఒకటి రెండు కావు; 20కి మించి దొరికెను. రైతు నోటిమాట విని రాబిన్సన్ చెప్పినదానికి 118 ఏండ్ల తరువాత మట్టిలోనుండి లిఖితసాక్ష్యము వచ్చెను.

పేరు పూర్తిగా పోయిన చోట రాబిన్సన్ ఏమి చేసెనో బైత్ జిబ్రీను వృత్తాంతము తెలుపును. యూసేబియస్ తన స్థలనామ గ్రంథమున దక్షిణపాలస్తీనాలోని అనేక గ్రామముల దూరములను ఎల్యుథెరోపొలిస్ అను నగరమునుండి లెక్కించెను. ఆ నగరమెచటనో తెలియనందున ఆ దూరములన్నియు నిరుపయోగములై యుండెను. రాబిన్సన్ లెక్కను తలక్రిందు చేసెను. నగరము తెలియదు గాని, దానినుండి దూరము చెప్పబడిన కొన్ని పల్లెలు పేరును బట్టి తెలియుచున్నవి. హెబ్రోను దారిలో ఆరు మైళ్లని చెప్పిన పల్లె ఇద్నా. బేత్షెమెషు పది మైళ్లు. శోకో తొమ్మిది మైళ్లు. బేత్షెమెషు అయిన్ షెమ్సుగాను, శోకో షువైకాగాను నిలిచియున్నవి. వీనినుండి వెనుకకు కొలిచినచో గీతలన్నియు గొప్ప శిథిలములుగల బైత్ జిబ్రీను వద్ద కలిసికొనెను. ఎల్యుథెరోపొలిస్ అనునది రోమనులు పెట్టిన పేరు. అంతకుముందు ఆ ఊరి పేరు బెతొగబ్ర యని పాత భూగోళగ్రంథములలో కలదు. ఇచటను పైపేరు పోయి లోపేరు నిలిచెను. ఈ ఒక్క నగరము తెలియుటతో మరి యెన్నియో పల్లెల కొలతలు ఉపయోగములోనికి వచ్చెను. రాబిన్సన్ చేసిన నిర్ణయములన్నిటిలో ఇది బుద్ధిసూక్ష్మతకు శ్రేష్ఠమైనదని మేము తలంచుచున్నాము.

తక్కినవానిని ముక్తసరిగా చెప్పెదము. హెబ్రోనునకు దక్షిణమున మాయోను, కర్మెలు, జీఫు, ఎష్టెమో ఒకచోటనే కనబడెను. ఏన్గెదీ కొండకొమ్మునుండి దూరదర్శినితో దక్షిణమునకు చూచి, సెబ్బె యను ఒంటికొండయే జోసీఫస్ చరిత్రలోని మసాదా దుర్గమని ఊహించిరి, అది నిజమాయెను. జూన్ నెలలో ఉత్తరమునకు పోవుచు సైలూను శిథిలములను చూచిరి. షిలోహు బేతేలునకు ఉత్తరమున, షెకెము దారికి తూర్పున, లెబోనాకు దక్షిణమున నున్నదని న్యాయాధిపతుల గ్రంథము చెప్పును. లెబోనా లుబ్బానుగా నిలిచియుండగా మూడు గుర్తులును సైలూనునకే కుదిరెను. జూన్ చివర బేరూతు చేరిరి. పాలస్తీనాలో వారు గడపినది సుమారు రెండున్నర నెలలు మాత్రమే.

యెరూషలేమునందు వారు చేసిన పనులలో సిలోయపు సొరంగమును దూరి చూచుట ఒకటి. హిజ్కియా రాజు త్రవ్వించినదని చెప్పబడు ఆ నీటిసొరంగమున మొదట క్రింది కొననుండి 800 అడుగులు పోయి, కప్పు మరీ క్రిందికి దిగినందున కొవ్వొత్తి పొగతో గోడమీద గుర్తుపెట్టి మరలిరి. కొన్నాళ్లకు పైకొననుండి దూరి, మోకాళ్లమీదను బొజ్జమీదను ప్రాకి, తమ గుర్తును చేరిరి. మొత్తము పొడవు 1,750 అడుగులని కొలిచిరి. నేటి కొలత 533 మీటరులు. రెంటికి భేదము లేదు. కాని క్రింది కొనకు సమీపముననే గోడమీద చెక్కియున్న ప్రాచీన హీబ్రూ శాసనము వారికి కనబడలేదు. అది 1880లో ఒక బాలుని కంటబడెను. రెండు కొనలనుండియు త్రవ్వుచు వచ్చిన పనివాండ్రు నడుమ కలిసికొనిన వైనము అందు వ్రాయబడియున్నది.

దేవాలయపు పడమటి ప్రాకారమునుండి ముందుకు పొడుచుకొనివచ్చిన పెద్దరాళ్లను చూచి, అది జోసీఫస్ చెప్పిన వంతెన కమానుయొక్క మొదలని రాబిన్సన్ నిర్ణయించెను. ఆ రాళ్లకు నేటికిని రాబిన్సన్ కమానని పేరు. 1968 మొదలు బెంజమిన్ మజార్ చేయించిన త్రవ్వకములలో అది వంతెన కాదనియు, క్రింది వీధిలోనికి దిగు గొప్ప మెట్లవరుసకు ఊతయనియు తేలినది. క్రీస్తు సమాధిస్థలముగా కొలువబడు దేవళము విషయమునను ఆయన పొరపడెను. అది పురాతనపు గోడకు లోపల నుండెను గావున అసలు స్థలము కాజాలదని వాదించెను. 20వ శతాబ్దపు త్రవ్వకములు ఆ చోటు అప్పటికి గోడకు వెలుపల రాతిగనిగా నుండెనను పక్షమునకే బలము చేకూర్చినవి. మఠసంప్రదాయమును శంకించుట ఆయనకు పద్ధతిగా ఆరంభమై, స్వమతశాఖ అభిమానము కలిసి, ఒక్కొకచోట పక్షపాతమాయెనని చెప్పక తప్పదు. ఆనాటి ఆంగ్లేయ పండితులు కొందరు ఆయనను ఇందుకే తీవ్రముగా ఖండించిరి.

1838లో తిరుగుప్రయాణమున వియన్నాలో ప్రాణాపాయమగు జబ్బు చేసి కోలుకొని, ఆయన బెర్లినులో రెండేండ్లు కూర్చుండి గ్రంథము వ్రాసెను. పటములను అప్పటికి 20 ఏండ్లు దాటిన హైన్రిఖ్ కీపెర్ట్ గీచెను. మూడు సంపుటములు 1841లో అమెరికా, ఇంగ్లాండు, జర్మనీలలో ఒకేసారి వెలువడెను. మరుసటి సంవత్సరము లండనులోని రాయల్ జియగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకము నొసగెను. 1852లో స్మిత్ తోడ్పాటుతో మరల పాలస్తీనా తిరిగి, యొర్దాను ఆవలి పెల్లా నగరస్థలమును గుర్తించి, 1856లో మరియొక సంపుటము ప్రకటించెను.

ఈ రెండవ ప్రయాణముననే ఆయన జీవితములోని విచిత్రమగు ఘట్టము జరిగెను. యెజ్రెయేలు మైదానపు అంచున తెల్ అల్ ముతసెల్లిం అను ఎత్తైన దిబ్బ కలదు. రాబిన్సన్ దానిమీదికెక్కి నలుదిక్కుల చూచి, ప్రసిద్ధమగు మెగిద్దో ఎచటనుండెనోయని ఆలోచించెను. ఆ దిబ్బ పట్టణము కట్టుటకు తగిన చోటే గాని పట్టణపు జాడలు లేవని తలంచి, ప్రక్కనున్న లెజ్జూను గ్రామమే మెగిద్దో యనెను. ఆయన కాళ్లక్రిందనే మెగిద్దో యుండెను. 1903 మొదలు జరిగిన త్రవ్వకములలో ఆ దిబ్బ పొరమీద పొరగా పేరుకొనిన పట్టణములకుప్పయని తెలిసినది. పాటిదిబ్బ యను మాట తెలిసిన మనకు ఇది వింతగా తోచును. పాత ఊరు కూలి, దానిమీద క్రొత్త ఊరు లేచి, తుదకు దిబ్బయగుట మన రైతులెరుగని సంగతి కాదు. కాని ఆనాటి పండితులు శిథిలమనగా నిలిచిన స్తంభములు, చెక్కిన రాళ్లు అనుకొనిరి. 1890లో ఫ్లిండర్స్ పెట్రీ తెల్ అల్ హెసీ దిబ్బను పొరలవారీగా కోసి, కుండపెంకులను బట్టి కాలనిర్ణయము చేయుటతో ఆ దేశమున దిబ్బల భాష తెలియుట ఆరంభమాయెను. రాబిన్సన్ చెవితో కనుగొనినవాడు. పేరు పలుకని మట్టి ఆయనకు ఏమియు చెప్పలేదు. పేరు దిబ్బను విడిచి ప్రక్క ఊరికి వలసపోయిన చోట్లనెల్ల ఆయన పేరువెంటనే పోయెను. కపెర్నహూమును ఖాన్ మిన్యె వద్ద నిలిపినదియు ఇట్టి పొరపాటే. అది తెల్ హూము అని నేడు పండితులు అంగీకరించుచున్నారు.

తన తప్పును దిద్దుకొనుటకు ఆయన సంకోచించువాడు కాడు. సౌలు రాజు ఊరగు గిబియాను మొదట జబాయని వ్రాసి, పిదప ఆ నిర్ణయమును విడిచి తులైల్ అల్ ఫూల్ అను గుట్టకు మార్చెను. 1857లో స్మిత్ బేరూతున మరణించెను. పాలస్తీనా భూగోళమును సమగ్రముగా వ్రాయవలెనను రాబిన్సన్ సంకల్పము నెరవేరలేదు. కంటిచూపు మందగించి 1862లో చికిత్సకై ఐరోపాకు పోయి వచ్చి, 1863 జనవరి 27న న్యూయార్కున ఆయన కన్నుమూసెను. వ్రాసినంతవరకు ఆ దేశపు ప్రకృతిభూగోళము 1865లో అచ్చయ్యెను. తెరేసా జర్మనీకి మరలిపోయి 1870లో మరణించెను.

ఆయన మరణించిన రెండేండ్లకు లండనున పాలస్తీనా ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ ఏర్పడెను. దానివారు 1871 మొదలు 1877 వరకు గొలుసులతోను యంత్రములతోను పడమటి పాలస్తీనానంతయు కొలిచి, వేలకొలది అరబ్బీ పేర్లు సేకరించిరి. వారికి మార్గము చూపినవి రాబిన్సన్ సంపుటములే.

అయితే ఈ విద్యకు ఆధారమైన రైతుల గతి యేమాయెను? వారిలో ఒక్కని పేరైనను ఈ విద్య చరిత్రలో ప్రసిద్ధికి రాలేదు. 1948 యుద్ధమున బైత్ జిబ్రీను ప్రజలు ఊరు విడిచి పోవలసివచ్చెను. మెగిద్దో ప్రక్కనున్న లెజ్జూనును, యెజ్రెయేలు పేరును నిలిపియుంచిన జెర్ఈనును అట్లే ఖాళీయాయెను. అమ్వాసు 1967లో నేలమట్టమాయెను. ఇస్రాయేలు ప్రభుత్వము 1949 మొదలు పేర్లనిర్ణయమునకు సంఘములను నియమించి, పెక్కుచోట్ల అరబ్బీ పేర్లకు బదులు హీబ్రూ పేర్లు పటములకెక్కించెను. ఆ నిర్ణయములలో అనేకమునకు ఆధారము రాబిన్సన్ మార్గమున వచ్చిన పరిశోధనయే. అరబ్బు రైతు పలుకులో హీబ్రూ పేరు నిలిచియుండెనని నిరూపించిన విద్య తుదకు ఆ రైతు పలికిన రూపమును పటమునుండి తుడుచుటకు ఉపయోగపడెను. రాబిన్సన్ దీనిని ఊహించియుండడు. దోషము ఆయనమీద మోపుట న్యాయము కాదు. బైతీను, అల్ జీబు, అనాతా, ముఖ్మాసు మాత్రము నేటికిని అరబ్బు గ్రామములై యున్నవి.

1841 నాటి గ్రంథపు మూడవ సంపుటము చివర స్మిత్ కూర్చిన గ్రామనామముల పట్టికలు అనుబంధముగా నున్నవి. జిల్లాలవారీగా, అరబ్బీ లిపిలో, ఏ ఊరిలో ఏ మతస్థులున్నారో సూచనతో సహా అచ్చువేసినవి అవి. ఆ కాలపు చదువరులు వానిని తెరచి చూచియుండరు. 1948లో లేకుండపోయిన పల్లెల పూర్వచరిత్ర వ్రాయు పండితులు నేడు వెదకి తెరచునది ఆ పుటలనే.